లైబ్రరీలో మంద పెట్టిన పర్వతాలు

పొద్దున తొమ్మిదిన్నరకు మల్లీశ్వరి తండ్రిని చాయ్ హోటల్ బల్ల మీద కూర్చోబెట్టి ఒక మాట చెప్పింది.

"బాపూ, నువ్వు గీడ్నే కూసో. చాయ్ తాగు. ఏమీ చెయ్యకు."

పర్వతాలు తన యాభై ఎనిమిదేళ్ల బతుకులో చాలా పనులు చేశాడు గానీ, ఆ ఒక్క పని మాత్రం ఎన్నడూ చేతకాలేదు.

హోటల్ అంటే పెద్దదేం కాదు. నాలుగు రేకులు, ఒక స్టవ్వు, ఎదురెదురుగా రెండు బల్లలు. నడిపేది బిక్షమ్మ. పర్వతాలు కూర్చున్న బల్ల మీదికి యూనివర్సిటీ లైబ్రరీ గేటు తిన్నగా కనిపిస్తుంది. ఎదురు బల్ల మీద కూర్చున్నవాళ్లకు లైబ్రరీ వీపు వెనకాల ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. చాలా గొడవలు ఎవరు ఎటు మొగం పెట్టి కూర్చున్నారన్న దాని మీదే నడుస్తాయి. యూనివర్సిటీ పేరుతో మనకు పనిలేదు.

మల్లీశ్వరి అక్కడ ఎంబీఏ రెండో ఏడు. ఆమె ప్రాజెక్టు గొర్రెలు అమ్మే వారపు అంగళ్ల మీద. రెండు వందల మంది గొర్ల కాపర్లను తలా పద్దెనిమిది ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకొచ్చింది. అడిగింది ఆమె అయినా, ఆ కాపర్లను పట్టి నిలబెట్టింది పర్వతాలే. మోత్కూరు అంగడి మొదలు ఎన్ని అంగళ్లు తిరిగాడో లెక్కలేదు. గొర్ల కాపరిని ఒక ప్రశ్న అడిగితే తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాడు. "ఏ ఊరు బిడ్డా? ఎవరోల్లు?" అన్నది తేలిన తర్వాతే అసలు జవాబు. అట్లా ఆరు నెలలు పట్టిన జవాబులను ఇప్పుడు కంప్యూటర్లో పోసి లెక్కలు తీయాలి. ఆ లెక్కలతో రిపోర్టు సాయంత్రం నాలుగు గంటలకల్లా ఆఫీసులో పడాలి. పడకపోతే మళ్లీ ఆర్నెల్లు ఆగాలి.

లైబ్రరీలో కంప్యూటర్లు ఇరవై ఉన్నాయి. ఆ లెక్కలు తీసే సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక్క ఏడో నంబరు కంప్యూటర్లోనే ఉంది. పది గంటలకు తలుపు తెరిచి రిజిస్టరు బల్ల మీద పెడతారు. ముందు ఎవరు పేరు రాస్తే ఏడో నంబరు ఆ రోజుకు వాళ్లది. రాయాలంటే ఐడీ కార్డు ఉండాలి. పాస్‌వర్డు ఇవ్వాలంటే గైడు సారు సంతకం చేసిన చీటి చూపాలి. ఆ సారు బండి మీద వచ్చేసరికి పదిన్నర అవుతుంది. మల్లీశ్వరి ఆ సంతకం కోసమే డిపార్టుమెంటుకు ఉరికింది. ఉరుకుతూ ఉరుకుతూ ఇదంతా తండ్రికి సగం సగం చెప్పింది.

"మరి పది గంటలకు పేరెవరు రాస్తరు?" అని పర్వతాలు వెనక నుంచి అడిగాడు.

"గది నేను జూసుకుంట. నువ్వు ఏమీ చెయ్యకంటి గద," అని ఆ పిల్ల మూల తిరిగిపోయింది.

ఇంకో పావుగంటకు ముగ్గురు వచ్చి ఎదురు బల్ల మీద కూర్చున్నారు. ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. పొడుగ్గా, గడ్డం దువ్వుకుంటున్నవాడి పేరు గోపీకృష్ణ అని వాళ్ల మాటల్లోనే తెలిసింది. ఆడపిల్ల భాగ్యశ్రీ. మూడోవాడు గిరి, మాటలు తక్కువ మనిషి, బన్ను చాయ్‌లో ముంచి నింపాదిగా తింటున్నాడు.

"పది గాంగనే లేవాలెరా," అన్నాడు గోపీకృష్ణ. "ఏడో నంబరు ఇయ్యాల మనకు పడకుంటే అయిపోయినట్టే."

పర్వతాలు చేతిలో చాయ్ గ్లాసు అట్లాగే ఆగిపోయింది.

పర్వతాలు బడికి పోయింది ఐదో తరగతి దాకే గానీ, మందను నిలపడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ను మించినవాడు లేడు. తెలియనివాళ్లు మందకు అడ్డంగా కర్ర పట్టుకుని నిలబడతారు. గొర్రెలు ఇటూ అటూ పాయలుగా చీలి పోతాయి. తెలిసినవాడు అట్లా చేయడు. మందలో ముందు నడిచే పొట్టేలు ఏదో చూసుకుంటాడు. దాన్ని ఒక్కదాన్ని ఆపితే చాలు. రెండు వందలూ ఆగుతాయి. పర్వతాలు ముగ్గురినీ ఒకసారి చూశాడు. గోపీకృష్ణ గ్లాసు ఎత్తితే మిగతా ఇద్దరూ ఎత్తుతున్నారు. దించితే దించుతున్నారు.

గడియారం పదికి ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. బిడ్డ వచ్చేది పదిన్నరకు.

"బిడ్డా," అన్నాడు పర్వతాలు గోపీకృష్ణతో, గొంగడి భుజం మీద సర్దుకుంటూ, "గా లైబ్రరీల ఇప్పుడు గొర్ల వాసనేమన్న వస్తదా?"

గోపీకృష్ణ గడ్డం దువ్వడం ఆపాడు. "గొర్ల వాసనేంది కాకా?"

"ఏం లేదు. నాలుగేండ్ల కింద ఒకనాడు నా మంద గాడ పెట్టిన. అందుకని అడిగిన."

ముందు పొట్టేలు ఆగింది.

"ఏ ఊరు కాకా మీది?" అన్నాడు గిరి.

మోత్కూరు దిక్కు అంటే మల్లీశ్వరి పేరు బయటికి వస్తుందేమోనని పర్వతాలుకు భయం. "అచ్చంపేట దిక్కు," అన్నాడు.

"మాదీ గాడ్నే. ఏ ఊరు?"

"ఇప్పుడు చెప్తే దొరకదు బిడ్డా. మా ఊరు ఎండకాలం ఒక తావున ఉంటది, వానకాలం అడవిలకు జరుగుతది. సర్వే చేసెటోల్లు మూడుసార్లు వచ్చి పటంల పెట్టిన్రు, మూడుసార్లు జరిగిపోయింది." గిరి ఇంకేదో అడగబోతుంటే పర్వతాలు గోపీకృష్ణ వైపు తిరిగాడు. "గది కాదు గానీ, ఇను. నాలుగేండ్ల కింద ఉత్తర కార్తెల, కృష్ణ దిక్కుకెళ్లి మందను మలుపుకొని వస్తున్న. గీ గేటు కాడికి రాంగనే మబ్బు దిగింది. వాన. గొర్రెపిల్లలు తడిస్తే బతకయి. లైబ్రరీ సారు ఒకాయన వరండల నిలబడి ఉండె. సారూ, జర గంట సేపు లోపటికి రానియ్యిన్రి అన్న. ఆయన మంచోడు. సరే గానీ సప్పుడు చెయ్యొద్దు అన్నడు. అంతే. ఇంత ముచ్చటే."

"రెండు వందల గొర్లు లైబ్రరీలకు వోయినయా?" అంది భాగ్యశ్రీ.

"రెండు వందల పన్నెండు. ర్యాకుల నడుమ వరుసలల్ల నిలబడ్డయి. ఒక్కటి అరవలే. గాడ రాసి ఉండె గద, నిశ్శబ్దం అని. మా పొట్టేలు సదివినట్టుంది."

భాగ్యశ్రీ నవ్వింది. గోపీకృష్ణ నవ్వి, ఫోన్‌లో టైము చూసి, గ్లాసు బల్ల మీద పెట్టాడు. మిగతా రెండు గ్లాసులూ టక్కు టక్కుమని దిగాయి.

ఇంత ముచ్చటే అనడం పొరపాటైందని పర్వతాలుకు అర్థమైంది.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?" అన్నాడు గొంతు తగ్గించి. "ఎనిమిదొద్దులకు గా సారు నాకు ఫోన్ చేసిండు. పర్వతాలూ, నువ్వు అర్జంటుగ రావాలె అన్నడు. నేను గజగజ వణికిన. ఊడ్సమంటడేమో అనుకున్న. వచ్చిన. తలుపు తీసి సూపిచ్చిండు. బిడ్డా, మీది వ్యవసాయం కుటుంబమేనా?"

"అవు," అన్నాడు గోపీకృష్ణ.

"చేన్ల మంద పెడితే ఏమైతది?"

"పంట బాగొస్తది."

"ఎందుకు? ఎరువు. రైతులు నా ఇంటి సుట్టు తిరుగుతరు, మా చేన్ల మంద పెట్టు పర్వతాలూ, మా చేన్ల మంద పెట్టు అని. మా గొర్రె ఒక్క దినం పండుకున్న జాగల మూడేండ్లు యూరియా మొఖం సూడనక్కర లేదు. మరి చేన్ల పంటుంటది గనుక పంట పెరిగింది. లైబ్రరీల ఏముంటయి?"

ముగ్గురూ ఒకళ్ల మొగం ఒకళ్లు చూసుకున్నారు.

"పుస్తకాలు పెరిగినయి బిడ్డా. సర్వపిండి లెక్క పలసగున్న పుస్తకం మక్కల బస్తా అంత అయ్యింది. ఒక్క కాపీ ఉన్న పుస్తకానికి వరి దుబ్బు లెక్క పిలకలొచ్చినయి. ఒకటి పక్కకు ఒకటి, ఒకటి పక్కకు ఒకటి, ఏడు. మీ ఫైనాన్స్ పుస్తకం ఎన్ని కాపీలున్నయిప్పుడు?"

"ఏమో, తొమ్మిదో పదో," అంది భాగ్యశ్రీ.

"మొదాలు ఒక్కటే. అడుగున్రి ఎవరినన్న."

"పిలకలొస్తే నీళ్లు పెట్టాలె గద కాకా," అన్నాడు గిరి బన్ను నములుతూ. "నీళ్లు పెడితే పుస్తకాలు నానవా?"

పర్వతాలు గిరిని మొదటిసారి పరీక్షగా చూశాడు. ప్రతి మందలో ఇట్లాంటిది ఒకటి ఉంటుంది. ముందు నడవదు. వెనక ఉండదు. పక్కనే ఉండి కంచెలో సందు వెతుకుతుంది.

"మంచు సాలు," అన్నాడు. "కిటికీలు తెరిచిపెట్టినం. గానీ పెరిగేటప్పుడు ఒక్కటే పెరగదు గద. కలుపు సుత పెరుగుతది. టెక్స్టుబుక్కుల నడుమ గైడ్లు మొలిచినయి."

గోపీకృష్ణ పడీ పడీ నవ్వాడు. భాగ్యశ్రీ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. బిక్షమ్మ స్టవ్వు దగ్గర గంటె ఆపి వినసాగింది.

"ఇరవై మంది ఆడోల్లను పెట్టి కలుపు తీపిచ్చిండు సారు. ఒక్కొక్క వరుసల బండెడు గైడ్లు. ఇయ్యాల పీకితే ఎల్లుండికి మల్ల మొలుస్తున్నయి, పరీక్షలు దగ్గరికొచ్చినా కొద్ది ఇంకా ఏపుగ..."

ఇట్లా వాళ్లు వంగి వంగి నవ్వుతుండగా ఇంకో నలుగురు మగపిల్లలు రోడ్డు మీద వచ్చి ఆ ముగ్గురి వీపుల వెనక నిలబడ్డారు. నవ్వులు విని ఆగినట్టున్నారు. ముందున్నవాడు ఎర్రచొక్కా. "ఏందంట?" అని పక్కవాణ్ణి సైగతో అడిగాడు.

పర్వతాలు వాళ్లను ఓరకంట చూశాడు. మందలో పరాయి మంద కలిస్తే అంతకన్నా చిక్కు లేదు. ఎవరి పొట్టేలు వెంట ఎవరి గొర్రెలు పోతాయో చెప్పలేం. ఇప్పుడు ఈ నలుగురూ కూర్చుని, వీళ్లలో ఒకడు లేచి లైబ్రరీ దారి పడితే, ఇంతసేపు పట్టిన కష్టం మట్టిలో కలుస్తుంది. ఆయన కథ ఆపకుండానే కర్ర కొస లేపి ఎర్రచొక్కాకు దారి చూపించాడు. పోండ్రి, తెరిచిన్రు, లోపటికి పోండ్రి అని కళ్లతోనే అదిలించాడు. ఎర్రచొక్కా కొంచెం చిన్నబోయాడు. నలుగురూ లైబ్రరీ గేటులోకి పోయారు. పర్వతాలు ఊపిరి పీల్చుకున్నాడు. పది దాటి అయిదు నిమిషాలు.

గోపీకృష్ణ కళ్లు తుడుచుకుని, "అయ్యో, పది దాటింది. లేద్దాంరా," అన్నాడు.

"కంప్యూటర్ల ముచ్చట ఇనకుండనే పోతవా?" అన్నాడు పర్వతాలు.

ఎత్తిన నడుం మళ్లీ బల్ల మీద ఆనింది.

"చెల్లె, పిల్లలకు ఇంకో మూడు చాయ్ పొయ్యి. పుస్తకాలు పెరిగినయని సారుకు ఆశ పుట్టింది. పర్వతాలూ, కంప్యూటర్ రూముల సుత మంద పెట్టు అన్నడు. వద్దు సారూ, గవి కరెంటు వస్తువులు అన్న. ఇనలే. ఒక్క పొద్దు పెట్టిన. మల్లనాడు స్విచ్ ఏసిన్రు. బిడ్డా, గంతకుముందు గవి ఎట్లుండె? స్విచ్ ఏసి, బయటికొచ్చి, గీ చెల్లె కాడ చాయ్ తాగి, లోపటికి వోతే గప్పుడు తెరుసుకునేది. మా గొర్లు పండుకున్నంక, యేలు ఇంకా దూరం ఉండంగనే తెరుసుకుంటున్నయి. ప్రశ్న కొట్టకముందే జవాబొస్తున్నది. ఒక పిల్లగాడు ఇంటికాడ ముసుగుపెట్టి పండుకొని ఉన్నడు. ఆని ప్రాజెక్టు గీడ ప్రింటయ్యి, బైండింగయ్యి, గైడు సారు బల్ల మీదికి వోయింది."

"గసొంటిది నాకొకటి కావాలె," అంది భాగ్యశ్రీ.

"కంపెనీల లాభాలు, నష్టాలు సూస్తరు గద మీరు కంప్యూటర్ల. పుట్టని కంపెనీల లాభాలు సుత సూపియ్యవట్టె. జడ్చర్ల కాడ ఒక ఫ్యాక్టరీ పునాది తియ్యకముందే దాని నష్టమెంతో గీడ కనవడ్డది. ఆ సేటు గిట్ల ఉరికొచ్చి దండం పెట్టి, వద్దు నేను కట్టనే కట్ట అని వాపసు వోయిండు."

"మరి గంత మంచి కంప్యూటర్లు ఇప్పుడెందుకు గిట్లున్నయి?" అన్నాడు గిరి.

"మూడేండ్లే పనిచేస్తది ఎరువు. చెప్పిన గద."

గిరి దానికి తల ఊపక తప్పలేదు. నిజమే, మంద పెట్టిన చేనుకు బలం మూడేళ్లే.

పది దాటి పదిహేను. గోపీకృష్ణ సంచి భుజాన వేసుకుని లేచే నిలబడ్డాడు. "కాకా, కథ మస్తుంది గానీ మాకు జర పనుంది."

పర్వతాలుకు బిడ్డ మొగం కనిపించింది. అంగట్లో ఎండలో నిలబడి, నూట ఎనభై మూడో కాపరిని పద్నాలుగో ప్రశ్న అడుగుతున్న మొగం. ఇక మాట అదుపులో పెట్టుకుంటే లాభం లేదనుకున్నాడు.

"పోండ్రి బిడ్డా. పద్నాలుగు సబ్జెక్టులు తప్పినోని ముచ్చట మల్లొచ్చినప్పుడు చెప్త."

"పద్నాలుగా?" గోపీకృష్ణకు ఆ రోజుకు తప్పిన సబ్జెక్టులు రెండు మిగిలి ఉన్నాయి. సంచి దించాడు.

"పద్నాలుగు. గా పిల్లగాడు కంప్యూటర్ రూముల సదువుకుంట సదువుకుంట గొర్ల నడుమ ఒరిగిండు. ఎవరు సూడలే. తెల్లారి లేసిండు. నోరు తెరిస్తే ఇంగ్లీషు. పద్నాలుగు పరీక్షలు ఒక్కనాడు రాసిండు, రెండు చేతులతోని. కుడిచేత్తోని మార్కెటింగు, ఎడమచేత్తోని ఫైనాన్స్. దిద్దినోల్లు నూటికి నూటపది ఇచ్చి, పై పది మార్కులు ఎక్కడెయ్యాలె అని పక్క యూనివర్సిటీని అడిగిన్రు. కంపెనీలోల్లు ఆన్ని కుర్చీల కూసోబెట్టి కుర్చీతోని సహా ఎత్తుకపోయిన్రు."

"పిల్లగానికే గంత తెలివొస్తే, గాడ్నే ఉన్న గొర్లకెంత రావాలె?" అంది బిక్షమ్మ స్టవ్వు దగ్గర నుంచి. ఎగతాళికి అన్నదో, నిజంగానే అడిగిందో తెలియదు. పర్వతాలుకు మాత్రం ఎక్కడానికి ఇంకో మెట్టు దొరికింది.

"గదే చెప్తున్న చెల్లె. మా పొట్టేలు మేనేజిమెంటు పుస్తకాల ర్యాకు కాడ నిలబడ్డది. ఒక్కటే వాసన సూసుకుంట. ఊరికొచ్చినంక పొద్దుగాలనే మీటింగు పెట్టుడు షురూ చేసింది. గొర్లన్ని సుట్టు నిలబడాలె. ఆలస్యంగ వచ్చిన గొర్రెను బయట నిలబెడుతది. ఏ గొర్రె ఏ దిక్కు మేయాలె, ఎన్ని గంటలకు నీళ్లు తాగాలె, అన్ని ముందుగాలనే. నాకు పనిలేకుండ అయ్యింది. ఒకనాడు నన్నే పక్కకు పిలిచి తలకాయతోని మెల్లగ పొడిచింది. ఏందంటే, నువ్వు గీ నెల పని సరిగ చేస్తలేవు అన్నట్టు."

గోపీకృష్ణ బల్ల మీద చేత్తో కొట్టి కొట్టి నవ్వుతున్నాడు. చాయ్ ఒలికింది.

"మీ యూనివర్సిటీకి కంపెనీలొచ్చి ఇంటర్వ్యూలు పెడితే మా పొట్టేలు లైన్ల నిలబడ్డది. నేను పంపలే, దానంతటదే. సూటు లేదన్నరు. ఉన్ని ఉంది గద అన్న. సెలెక్టయ్యింది. గానీ వోలే."

"ఎందుకు?"

"హైదరాబాదుల గడ్డేడుంది?"

పది దాటి ఇరవై ఆరు. ఇంకొక్క నాలుగు నిమిషాలు. మిగిలింది ఆఖరి మెట్టు. దాని మీద ఇంకో మెట్టు ఉండదని తెలిసీ పర్వతాలు ఎక్కాడు.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? గీ సంగతి అమెరికాకు వోయింది. గాడ ఒక పెద్ద యూనివర్సిటీ. నలభై అంతస్తుల లైబ్రరీ. మా పుస్తకాలు గిడసబారినయి, వచ్చి మంద పెట్టు పర్వతాలూ అని కాయిదం రాసిన్రు. ఇమానంల పోయినం. రెండు వందల పన్నెండు సీట్లు. మా పొట్టేలుకు కిటికీ పక్క సీటు. మబ్బుల మీద పోతుంటే గొర్లు కిందికి సూసి, ఇంత ఉన్ని ఎవనిదో అని బీరిపోయినయి. గాడ పెట్టినం మంద. పొద్దుగాల లేసి సూస్తే లైబ్రరీకి నలభై ఒకటో అంతస్తు మొలిచింది. ఇటుకలు, కిటికీలు, లిఫ్టు సుత. ఇంకో రెండు దినాలుంటే నలభై రెండోది..."

"కాకా," అన్నాడు గిరి. బన్ను అయిపోయింది. చేతులు దులుపుకున్నాడు. "మాదీ గొర్ల మందే. నాకొక్కటి చెప్పు. గొర్లు తుమ్మకాయలు తింటయి గద?"

"తింటయి."

"గింజలరగయి. పెంటికలల్లనే పడుతయి. మంద పెట్టిన ప్రతి చేన్ల వానవడంగనే మొదాలు మొలిచేది తుమ్మమొక్క. మా నాయిన తిట్టుకుంట పీకుతుంటడు. లైబ్రరీల పుస్తకాలు మొలిచినయి, గైడ్లు మొలిచినయి, అమెరికాల అంతస్తు మొలిచింది. ఒక్క తుమ్మమొక్క ఎందుకు మొలువలే?"

ఇరవై మంది కూలీలు పీకారని చెప్పవచ్చు. వానపడలేదని చెప్పవచ్చు. కానీ ప్రశ్న అడిగింది గొర్లు కాసినవాడు. ఆ వృత్తిలో ఉన్నవాడి ముందు ఆ వృత్తి గురించి అబద్ధం చెప్పడానికి పర్వతాలుకు నోరు రాలేదు. చాయ్ గ్లాసు ఖాళీ అని తెలిసీ ఎత్తి తాగాడు.

అప్పుడే వెనక నుంచి, "బాపూ," అన్న పిలుపు వినిపించింది.

మల్లీశ్వరి. చేతిలో సంతకం పెట్టిన చీటి. చెమటలు కారుతున్నాయి. ఆమె చూస్తున్నది తండ్రి వైపు కాదు, ఎదురు బల్ల వైపు.

"మీరింకా గీడ్నే ఉన్నరేందిరా? పేరు రాసిన్రా?"

గోపీకృష్ణ లేచి నిలబడ్డాడు. "ఈయన మీ బాపునా?"

"పేరు రాసిన్రా అంటున్న."

గోపీకృష్ణ ఫోన్‌లో టైము చూసుకున్నాడు. కథ ఏమిటన్నది ఒక్క పర్వతాలుకే ముక్క ముక్కగా అర్థమవుతోంది. ఈ ముగ్గురూ మల్లీశ్వరి గ్రూపే. నలుగురికీ కలిపి ఒక్కటే ప్రాజెక్టు; అంగళ్లు తిరిగే వంతు ఆమెది, రిపోర్టు రాసే వంతు వీళ్లది. పది గంటలకు వీళ్లు పేరు రాయాలి, పదిన్నరకు ఆమె చీటి తేవాలి. వీళ్లను ఆమె ఎన్నడూ ఇంటికి తేలేదు, పేర్లు చెప్పలేదు. గ్రూపులో మగపిల్లలున్నారంటే తల్లి లక్ష్మీనర్సమ్మ ఏమంటుందోనని దాచింది. వాళ్లకూ ఆమె తండ్రి ఎట్లా ఉంటాడో తెలియదు.

"లేద్దామని మూడుసార్లనుకున్నం మల్లీ," అంది భాగ్యశ్రీ. "కాకా లేవనియ్యలే."

మల్లీశ్వరి తండ్రిని చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇయ్యాల బీ సెక్షనోల్లు డిపార్టుమెంటు కాడ కలిసిన్రు, ఆళ్లు సుత ఏడో నంబరుకే వస్తమన్నరు. ఆళ్లకు వచ్చే సోమవారం దాక టైముంది. అయినా ముందుగాలనే చేసుకుంటరంట," అంది మెల్లగా. "మహేష్ వాళ్లు. ఎవరన్న లోపటికి వోయిన్రా?"

"ఎర్రచొక్కనా?" అన్నాడు పర్వతాలు.

"అవు."

"నలుగురా?"

"అవు బాపూ. నువ్వు జూసినవా?"

పర్వతాలు కర్ర తీసుకుని లేచాడు. జవాబు చెప్పకుండా లైబ్రరీ గేటు వైపు నడిచాడు. ఆ భవనంలో రెండు వందల పన్నెండు గొర్రెలను నిలబెట్టిన మనిషి దాని గడప తొక్కడం అదే మొదలు. చెప్పులు, కర్ర వరండాలో వదిలాడు. లోపల బల్ల దగ్గర లైబ్రేరియన్ ఎస్తేరు, "చెప్పులు ఇడువాల్సిన పనిలేదన్నా," అన్నా, ఆయన మళ్లీ తొడుక్కోలేదు. అన్ని పుస్తకాలను ఒక్కచోట చూడగానే ఆయనకు కాళ్లు వెనక్కి లాగాయి. దేన్ని గురించి ఇంతసేపు మాట్లాడాడో అది ఇంత పెద్దదని తెలియదు.

ఏడో నంబరు ముందు ఎర్రచొక్కా మహేష్, చుట్టూ మిగతా ముగ్గురు.

"బిడ్డా," అన్నాడు పర్వతాలు. "మా పిల్లలకు నాలుగు గంటలకు ఆఖరు. మీకు సోమవారం దాక ఉన్నదంట. గీ కుర్చీ జర ఇడువున్రి."

మహేష్ గుర్తుపట్టాడు. "ఓ, నువ్వా కాకా. పొద్దుగాల మమ్ముల గొర్లను అదిలిచ్చినట్టు అదిలిస్తివి. కలుపు కాడ ఆగిపోయింది మాకు. గా కథ మొత్తం చెప్తే ఇడుస్తం."

"ఒట్టేనా?"

"ఒట్టు."

"లోపట కథలు లేవు," అంది ఎస్తేరు తల ఎత్తకుండా. "చెప్పుకుంటే వరండల చెప్పుకోన్రి. కుర్చీ ఖాళీ చేస్తే పేరు కొట్టేస్త, వెనకొచ్చినోల్లది రాస్త. తర్వాత నన్నడగొద్దు."

మహేష్ ఒక్క క్షణం ఆలోచించి లేచాడు. నలుగురూ బయటికి నడిచారు. మల్లీశ్వరి వాళ్లు లోపలికి పోతూ ఎదురయ్యారు. ఎస్తేరు రిజిస్టరులో ఒక గీత గీసి, చీటి తీసుకుని, పాస్‌వర్డు కాగితం మల్లీశ్వరి చేతిలో పెట్టింది.

వరండా మెట్ల మీద నలుగురు కూర్చున్నారు. "ఊఁ, షురూ చెయ్యి," అన్నాడు మహేష్.

పర్వతాలు నోరు తెరిచాడు. రాలేదు. పొట్టేలు రాలేదు, విమానం రాలేదు. అద్దంలోంచి బిడ్డ వీపు కనిపిస్తోంది. ఆమె వినేంత దూరంలో ఇప్పుడు అబద్ధం చెప్పడానికి ఆయనకు మొగం చెల్లలేదు. కాసేపు మెట్టు మీది దుమ్ము చేత్తో ఊడ్చాడు. చివరికి జరిగింది జరిగినట్టు చెప్పాడు. బిడ్డ ఏమీ చేయకు అన్నది మొదలు, పిల్లలను గొర్రెల మంద లెక్క నిలపడం, సొంత మందనే కట్టేసుకుని పరాయి మందను చేనులోకి తోలింది దాకా, ఒక్క మాట పెంచకుండా చెప్పాడు.

నలుగురూ కడుపులు పట్టుకుని నవ్వారు. ఒకడు మెట్ల మీద నుంచి జారాడు. ఎస్తేరు లోపల నుంచి అద్దం మీద తట్టి హెచ్చరించింది.

"కాకా, కాకా, ఇగ ఆపు," అన్నాడు మహేష్ కళ్లు తుడుచుకుంటూ. "గొర్లు పండుకుంటే పుస్తకాలు పెరిగినయంటే ఎట్లనో అట్ల నమ్ముతం. గానీ రెండు వందల గొర్లను ఒక్కొక్కదాన్ని మొఖం జూసి గుర్తువట్టెటోడు, సొంత బిడ్డ దోస్తులను గుర్తువట్టక దుష్మన్లనుకున్నడంటే ఎవరు నమ్ముతరు? గంత తెలివితక్కువోడు ఎవడన్న ఉంటడా? గిది మాత్రం పచ్చి కోత."

నిజమేనని ఒట్టు పెట్టడానికి పర్వతాలు చెయ్యి ఎత్తాడు. నిజమని తేలితే కథ అయిపోయిందని వీళ్లు లేచి మళ్లీ ఏడో నంబరు దగ్గరికి పోతారేమోనని ఎత్తిన చెయ్యి దించాడు. అద్దం అవతల మల్లీశ్వరి ఇంకా టైపు చేస్తూనే ఉంది.

"అవు బిడ్డా, కోతనే," అన్నాడు. "కూసోన్రి, అసలుది ఇప్పుడు చెప్త."